చూసి రాసుకోవడానికి కూడా అనుమతి కావాలా? బెంగళూరులో ఒక క్షేత్ర నైతికత శిక్షణపై సమీక్ష

వన్యప్రాణులను పట్టకుండా, ముట్టకుండా, దూరం నుంచి చూసి రాసుకునే అధ్యయనాలకు జంతు పరిశోధన నైతిక కమిటీ అనుమతి ఎప్పుడు అక్కర్లేదు అన్న ఒక్క ప్రశ్నను తీసుకుని రెండు రోజుల శిక్షణ నడుపుతున్న చిన్న సంస్థ ఒకటి బెంగళూరులో, హెబ్బాళ సమీపంలో ఉంది. నైతిక కమిటీలో పనిచేసిన విశ్రాంత ఆచార్యులు ఒకరు, పశువైద్యురాలు ఒకరు, అడవుల్లో చాలాకాలం తిరిగిన పరిశోధకుడు ఒకరు కలిసి శని, ఆదివారాల్లో దీన్ని నిర్వహిస్తున్నారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు మార్గదర్శిగా ఉండే అధ్యాపకుడిని కాబట్టి మా విద్యార్థులతో కలిసి నేనూ హాజరయ్యాను. ఆ విడతలో హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో చదువుకుంటున్నవారే ఎక్కువ కావడంతో, తెర మీద పాఠం ఇంగ్లిషులో ఉన్నా చర్చ అంతా తెలుగులోనే సాగింది. శిక్షణలో ఎక్కువ భాగం ఎంతో ఉపయోగపడింది. ఒక భాగాన్ని మాత్రం సరిదిద్దకపోతే అది విద్యార్థులను చిక్కుల్లో పడేస్తుందని నమ్ముతున్నాను కాబట్టి, రెండింటి గురించీ వివరంగా రాస్తున్నాను.

మన కళాశాలల్లో 'ఇది కేవలం పరిశీలన' అన్న మాట చాలా తేలిగ్గా వాడతారు. పరిశీలన అని రాస్తే కమిటీ జోలికి వెళ్లనక్కర్లేదన్న నమ్మకం గైడ్ల నుంచి విద్యార్థులకు వారసత్వంగా వస్తోంది. తీరా పని పూర్తిచేసి వ్యాసాన్ని జర్నల్‌కు పంపాక, నైతిక అనుమతి వివరం లేదా అనుమతి అక్కర్లేదని కమిటీ ఇచ్చే మినహాయింపు పత్రం అడిగినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఇవ్వడాన్ని సరైన కమిటీ ఏదీ అంగీకరించదు. ఆ విడతలోనే రెండు సీజన్ల పాటు పక్షుల గూళ్లను గమనించి, చక్కటి సమాచారం సేకరించి, ఈ ఒక్క కాగితం లేక వ్యాసం వెనక్కి వచ్చిన పరిశోధక విద్యార్థిని ఒకరు ఉన్నారు. ఆమె పనిలో లోపం లేదు, పక్షులకు హాని జరిగిన దాఖలా కూడా లేదు. అయినా అనుమతి అక్కర్లేదని నిర్ణయించింది ఆమే కావడం వల్ల, ఆ నిర్ణయానికి విలువ లేకపోయింది. ఈ శిక్షణను నేను తూచిన కొలత కూడా ఇదే: మినహాయింపు ఉందో లేదో తేల్చే అధికారం పరిశోధకుడిది కాదని, దాన్ని పని మొదలుపెట్టకముందే కమిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలని విద్యార్థికి ఎంత స్పష్టంగా నేర్పుతోంది?

మొదటి పూట ఆచార్యులు చట్టం ఊసే ఎత్తలేదు. ప్రతి ఒక్కరూ తమ అధ్యయనంలో ఒక రోజు పని ఎలా సాగుతుందో, జంతువు కనిపించే చోటికి చేరినప్పటి నుంచి అక్కడి నుంచి బయటపడేదాకా చేసే ప్రతి పనినీ వరుసగా కాగితం మీద రాయమన్నారు. 'కోతుల సామాజిక ప్రవర్తనను పరిశీలిస్తాను' అని ఒక్క వాక్యంలో ముగించినవారి కాగితాలను మర్యాదగానే వెనక్కి ఇచ్చేశారు. ఎంత దూరంలో నిలబడతారు, గుంపు కదిలితే వెంట వెళ్తారా, ఒక కోతిని మరో కోతి నుంచి ఎలా గుర్తుపడతారు, మచ్చలనూ చెవి చిరుగులనూ బట్టా లేక రంగు చల్లా, కెమెరా ఎక్కడ పెడతారు, ఫ్లాష్ ఉంటుందా, మీతో ఎంతమంది వస్తారు, ఎన్ని రోజులు వరుసగా అదే గుంపు దగ్గరకు వెళ్తారు అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. గంటన్నర గడిచేసరికి, పరిశీలన అనుకున్న అధ్యయనాల్లో చాలావాటిలో జంతువు ప్రవర్తనను ఏదో ఒక మేరకు మార్చే పని ఒకటైనా బయటపడింది. కమిటీ చదివేది ప్రాజెక్టు శీర్షికను కాదనీ, జంతువుకు ఎదురయ్యే ప్రతి చర్యనూ అనీ విద్యార్థులకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఇంత మంచి బోధన పద్ధతిని ఈ విషయంలో నేను మరెక్కడా చూడలేదు.

అక్కడ చర్చకు వచ్చిన ఉదాహరణలు కొన్ని చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ విషయంలో గీత ఎక్కడ పడుతుందో ఉదాహరణల్లోనే తెలుస్తుంది. జక్కూరు చెరువు కట్ట మీద, రోజూ జనం నడిచే దారిలోనే నిలబడి, బైనాక్యులర్స్‌తో నీటిపక్షులను లెక్కపెట్టడం ఒకరి ప్రాజెక్టు. పక్షులకు అలవాటైన మనుషుల రాకపోకల్లో ఆ విద్యార్థి ఒకడు మాత్రమే కాబట్టి, దాదాపు ఏ కమిటీ అయినా దీన్ని సమీక్ష అక్కర్లేని పనిగానే చూస్తుంది. అదే విద్యార్థి గుడ్ల సంఖ్య కూడా కావాలని, గూళ్లున్న దిబ్బ దాకా తెప్ప మీద వెళ్తానని రెండో పేజీలో రాశాడు. ఆ ఒక్క పనితో అధ్యయనం స్వభావమే మారిపోతుంది. తల్లిపక్షి గూడు వదిలి ఎగిరిపోయిన కొద్ది నిమిషాల్లోనే గుడ్లు ఎండకు గురికావచ్చు, కాకులూ గద్దలూ వాటిని ఎత్తుకుపోవచ్చు. మరొక అమ్మాయి క్యాంపస్‌లోని బోనెట్ మకాక్ కోతులను చూసి రాసుకుంటానంటూనే, వేరుశనగ గింజలు దాచిన డబ్బాను వాటి ముందు పెట్టి ఎంతసేపట్లో తెరుస్తాయో కొలుస్తానని రాసింది. పక్షుల హెచ్చరిక కూతలను రికార్డు చేసి తిరిగి వినిపిస్తానన్నది ఇంకొకరి ఆలోచన. ఈ రెండింటిలోనూ జంతువును ఎవరూ ముట్టుకోరు. కానీ డబ్బా పెట్టినా కూత వినిపించినా దాని ఉద్దేశమే జంతువు ప్రవర్తనను మార్చి చూడటం కాబట్టి అవి ప్రయోగాలే అవుతాయని ఆచార్యులు తేల్చి చెప్పారు. నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

దేవాంగపిల్లి గురించి జరిగిన చర్చ మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. బెంగళూరులో చెట్లు దట్టంగా మిగిలిన పాత విద్యాసంస్థల ప్రాంగణాల్లో ఈ చిన్న నిశాచర జీవి ఇంకా బతుకుతోంది, దాన్ని రాత్రిపూట లెక్కించే పనిలో విద్యార్థులూ స్వచ్ఛంద కార్యకర్తలూ పాల్గొంటారు. దాని కళ్ల మెరుపును బట్టి కనిపెట్టడానికి తలకు కట్టుకునే దీపానికి ఎరుపు ఫిల్టర్ వాడతారు. ఎర్రటి వెలుగు తెల్లటి వెలుగు కంటే తక్కువ ఇబ్బంది పెడుతుందన్నది సాధారణంగా ఒప్పుకునే మాటే. అయితే ఒకే జంతువు మీద ఎంతసేపు వెలుగు నిలపవచ్చు, పిల్లను మోస్తున్న తల్లి కనిపిస్తే ఏం చేయాలి, పదిమంది గుంపుగా ఒకే చెట్టు కింద నిలబడవచ్చా అన్న ప్రశ్నలకు ముందే సమాధానం రాసి పెట్టుకుంటే తప్ప, దీన్ని మినహాయింపు ఉన్న పరిశీలన అని చెప్పలేమని పశువైద్యురాలు అన్నారు. 'మేడమ్, మేం దూరం నుంచి చూస్తామంతే కదా' అని కుప్పం నుంచి వచ్చిన కుర్రాడు అడిగితే, 'దూరం అంటే ఎంతో నువ్వు రాయి బాబూ, రాశాక అది దూరమో కాదో కమిటీ చెబుతుంది' అని ఆమె బదులిచ్చారు. మినహాయింపు ఉందో లేదో తేల్చేది ఎవరో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరనిపించింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత రెండు రకాల అనుమతుల మధ్య తేడా చెప్పారు. చాలామంది అధ్యాపకులకు కూడా ఈ విషయంలో గందరగోళం ఉంది కాబట్టి ఈ భాగానికి ప్రత్యేక విలువ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అడుగుపెట్టి వన్యప్రాణులను అధ్యయనం చేయడానికీ, శాస్త్ర పరిశోధనకూ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. జాతీయ పార్కులకు కూడా ఇదే వర్తిస్తుంది. జంతువును పట్టుకోవాల్సి వస్తే 12వ సెక్షన్ కింద మరో అనుమతి కావాలి, చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1 లోని జంతువైతే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కూడా ఉండాలి. ఇవన్నీ అటవీశాఖ ద్వారా వచ్చేవి. జంతువును ఎలా చూడాలి, దానికి ఎంత ఇబ్బంది కలగవచ్చు, ఆ ఇబ్బందికి తగిన ప్రయోజనం ఉందా అన్నది నైతిక కమిటీ చూసే విషయం. ఒకటి దొరికితే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు. నైతిక కమిటీ మినహాయింపు ఇచ్చినంత మాత్రాన బన్నేరుఘట్ట జాతీయ పార్కులో పరిశోధన కోసం అడుగుపెట్టే హక్కు రాదు. అటవీశాఖ అనుమతి ఉన్నంత మాత్రాన గూళ్ల దగ్గరకు వెళ్లడం నైతికమైపోదు.

నేలపట్టు, వీరాపురం ఉదాహరణలతో ఈ తేడాను వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. నెల్లూరు వైపున్న నేలపట్టు అభయారణ్యంలో పర్యాటకుడు టికెట్ కొని గూడబాతులను చూసి రావచ్చు. అదే మనిషి, అదే చోట నిలబడి, అదే దృశ్యాన్ని పరిశోధన కోసం నోటు పుస్తకంలో క్రమబద్ధంగా రాసుకోవాలంటే పరిశోధనకు వేరే అనుమతి కావాలి, ఎందుకంటే చట్టం పర్యటననూ అధ్యయనాన్నీ వేర్వేరు ప్రయోజనాలుగా చెప్పింది. హిందూపురానికి దగ్గరలో, చిలమత్తూరు మండలంలోని వీరాపురం పరిస్థితి వేరు. అక్కడ ఎర్రమూతి కొంగలు ఊరి మధ్యలోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. ఊరి వీధిలో నిలబడి చూడటానికి అభయారణ్య ప్రవేశ అనుమతి అవసరం లేదు. కానీ అడవి పక్షుల గుడ్లకూ గూళ్లకూ అంతరాయం కలిగించడాన్ని కూడా 1972 చట్టం వేట నిర్వచనంలోనే చేర్చిందని అక్కడున్న విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. గూళ్ల మీదుగా డ్రోన్ ఎగరేద్దామని అనుకున్న ఒక విద్యార్థి ఈ మాట విన్నాక తన ప్రతిపాదనలో ఆ భాగాన్ని కొట్టేశాడు.

ఇక నాకు అసంతృప్తి కలిగించిన భాగం. మినహాయింపు గురించి నేరుగా చెప్పాల్సిన చోట, తెర మీద ఒక నిర్వచనం చూపించి, దానికి సరిపోయే అధ్యయనాలకు కమిటీ సమీక్ష అక్కర్లేదని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. సహజ ఆవాసంలో స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువులపై జరిగే అధ్యయనం, శరీరంలోకి చొచ్చుకుపోయే చర్య లేనిది, హాని చేయనిది, జంతువు ప్రవర్తనను చెప్పుకోదగినంతగా మార్చనిది అయితే అది క్షేత్ర అధ్యయనం అన్నది ఆ నిర్వచనం. ఇది అమెరికా జంతు సంక్షేమ చట్టం కింద రూపొందిన నిబంధనల్లోనిది. అక్కడ ఈ నిర్వచనానికి లోబడిన పనిని సంస్థాగత కమిటీ సమీక్ష నుంచి స్పష్టంగా మినహాయించారు. ఆలోచనగా అది చాలా మంచిదే, నేనూ విద్యార్థులకు చెబుతుంటాను. అయితే అది ఏ దేశపు నియమమో చెప్పకుండా చూపిస్తే, అది మనకూ వర్తించే చట్టమని విద్యార్థి అనుకుంటాడు. అమెరికాలో కూడా ప్రజారోగ్య సేవ (పబ్లిక్ హెల్త్ సర్వీస్) విధానం కింద నిధులు పొందే సంస్థల్లో, క్షేత్ర పని ఎక్కడ జరుగుతోందో, అక్కడ ఏం చేస్తున్నారో కమిటీకి తెలిసి ఉండాలన్న షరతు ఉంది. ఆ మాట కూడా తెర మీద లేదు.

దేశాన్ని బట్టి గీత ఎంత జరుగుతుందో చూస్తే ఈ లోపం తీవ్రత అర్థమవుతుంది. బ్రిటన్‌లో 1986 నాటి చట్టం సూది గుచ్చినప్పుడు కలిగే బాధను కొలతగా పెట్టుకుంది. అంతకు సమానమైన లేదా అంతకు మించిన నొప్పి, వేదన, ఆందోళన, శాశ్వత హాని కలిగే అవకాశం ఉంటేనే ఆ పని లైసెన్సు పరిధిలోకి వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2010 నాటి ఆదేశం కూడా ఇదే కొలతను తీసుకుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో మరో ధోరణి కనిపిస్తుంది. అక్కడ జంతు పరిశోధనలను తీవ్రతను బట్టి వర్గీకరించేటప్పుడు, స్వల్ప జోక్యంతో కూడిన పరిశీలననే మొదటి వర్గంగా పెట్టారు. అంటే పరిశీలన పరిశోధన పరిధి బయట లేదు, దాని మొదటి మెట్టు మీద ఉంది. ఒకే అధ్యయనానికి ఒకచోట అనుమతి అడగనవసరం లేదు, మరోచోట అడిగి తీరాలి.

మన దేశం సంగతి చూద్దాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మనిషి మినహా ప్రతి ప్రాణినీ జంతువు అనే అంటుంది. ఆ చట్టం కింద ప్రయోగాల నియంత్రణ కోసం 1998లో చేసి, 2001, 2006 సంవత్సరాల్లో సవరించిన నియమాలు, జీవ, శారీరక, ప్రవర్తన సంబంధమైన జ్ఞానం కోసం జంతువును ఉపయోగించే ఏ కార్యక్రమాన్నైనా ప్రయోగంగా నిర్వచించాయి. ప్రవర్తన అధ్యయనం ఆ నిర్వచనంలో పేరు పెట్టి మరీ ఉంది. చెట్టు కింద నిలబడి చూడటం జంతువును ఉపయోగించడం అవుతుందా అన్నది అక్కడ తేలాల్సిన ప్రశ్న. దూరం నుంచి చూసి లెక్కపెట్టడం ఆ పరిధిలోకి రాదని వాదించడానికి గట్టి కారణాలే ఉన్నాయి, ఆచరణలో చాలా సంస్థల కమిటీలు అలాగే వ్యవహరిస్తాయి కూడా. కానీ అమెరికా తరహాలో క్షేత్ర అధ్యయనం అన్న ప్రత్యేక వర్గం ఆ నియమాల నిర్వచనాల్లో లేదు. కాబట్టి ఇక్కడి విద్యార్థికి భద్రత ఇచ్చేది నిర్వచనం కాదు, తన సంస్థలోని జంతు నైతిక కమిటీ ఇచ్చే రాతపూర్వక సమాధానం. శిక్షణలో అన్నిటికంటే ముందు చెప్పాల్సిన ఈ మాటను, నేను అడిగాకే ఆచార్యులు చెప్పారు. అడిగినప్పుడు ఆయన ఏమాత్రం దాచుకోకుండా, వివరంగా, ఓపికగా చెప్పిన మాట నిజం. అయినా ఎవరో ఒకరు అడిగితేనే బయటికి వచ్చే విషయంగా అది ఉండకూడదు.

ఈ సందర్భంలో ఆయన చెప్పిన చరిత్ర భాగం చిన్నదే అయినా విలువైనది. 1960 చట్టానికి వెనక, రాజ్యసభలో నామినేటెడ్ సభ్యురాలిగా జంతువుల కోసం బిల్లు తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ కృషి ఉంది. చెన్నైలో కళాక్షేత్రం నెలకొల్పిన ఆమే 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు నాయకత్వం వహించారు. ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీని చాలాకాలం సీపీసీఎస్‌ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. అది ప్రస్తుతం పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ కింద ఉంది. పాత పేరుతో ఉన్న ఫారాలు ఇంకా చాలా కళాశాలల్లో తిరుగుతున్నాయి కాబట్టి ఈ వివరం కూడా అవసరమే.

రెండో రోజు ఉదయం పశువైద్యురాలి పాఠం శిక్షణ మొత్తానికీ శిఖరం. జంతువు పారిపోలేదు, అరవలేదు, తన పని తాను చేసుకుంటోంది కాబట్టి మన వల్ల దానికి ఇబ్బంది లేదని అనుకోవడం ఎంత ప్రమాదమో ఆమె ఆధారాలతో చూపించారు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్ల శరీరంలో గుండె వేగాన్ని నమోదు చేసే పరికరాలు ఉంచి, వాటికి దగ్గరగా డ్రోన్లు ఎగరేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఎలుగుబంట్లు చాలాసార్లు కదలకుండా ఉన్న చోటే ఉన్నాయి. కానీ ఒకదాని గుండె వేగం డ్రోన్ రాకముందు ఉన్నదానికంటే నిమిషానికి 123 స్పందనల మేర పెరిగింది. బయట నుంచి చూసినవాడు దాన్ని ప్రశాంతంగా ఉన్న ఎలుగుబంటి అనే రాసుకుంటాడు. కెమెరా ట్రాప్‌లు (జంతువు కదలికను పసిగట్టి వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) చేసే సన్నటి శబ్దాలనూ, వాటి పరారుణ వెలుగునూ చాలా జంతువులు వినగలవనీ, చూడగలవనీ ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో చూపించారు. చెట్టుకు కట్టిన కెమెరా అంటే ఎవరికీ ఇబ్బంది లేని పరిశీలన అనే మా విద్యార్థుల నమ్మకం అక్కడే సడలింది.

కింగ్ పెంగ్విన్ల ఉదాహరణ దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగారు, ఆగడం సబబే. పక్షులను ఒకదాని నుంచి మరొకదాన్ని గుర్తుపట్టడానికి రెక్కకు లోహపు పట్టీ కట్టడం దశాబ్దాలపాటు హానిలేని అలవాటుగా సాగింది. పదేళ్ల పాటు సాగి 2011లో ప్రచురితమైన అధ్యయనం, పట్టీ కట్టిన పక్షులకు పుట్టిన పిల్లలు 39 శాతం తక్కువనీ, వాటి మనుగడ రేటు 16 శాతం తక్కువనీ తేల్చింది. పట్టీ ఉన్న పక్షులను చూసి వాతావరణ మార్పు ప్రభావం గురించి తీసిన లెక్కల్లో ఎంత భాగం సముద్రం వల్ల, ఎంత భాగం పట్టీ వల్ల అన్న సందేహం అప్పుడు తలెత్తింది. జంతువుకు కలిగించిన ఇబ్బంది చివరికి మన సమాచారాన్నే పాడుచేస్తుందని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు. కమిటీ అడిగే ప్రశ్నలు కాగితం పని కోసం పెట్టినవి కావనీ, మంచి శాస్త్రానికి కావలసినవే అవి అనీ ఈ పాఠం తర్వాత గదిలో అందరి ముఖాల్లో కనిపించింది. నా మాట వింటే ఈ పాఠాన్ని మొదటి రోజుకే మార్చాలి. చట్టం ఎందుకు అలా అడుగుతోందో ముందు తెలిస్తే, చట్టం ఏం అడుగుతోందో వినే ఓపిక వస్తుంది.

మలం, రాలిన ఈకలు, వదిలేసిన గూళ్ల వంటివి సేకరించే అధ్యయనాల గురించి కొద్దిసేపే మాట్లాడారు. అక్కడ జంతువు ఎదురుపడదు కాబట్టి నైతిక సమీక్ష నుంచి మినహాయింపు తేలిగ్గానే దొరుకుతుంది. అభయారణ్యం నుంచి ఏదైనా బయటికి తేవాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి తప్పదు. కెమెరా ట్రాప్‌లో మనుషులు పడితే ఏం చేయాలన్న ప్రశ్న ఆఖరి నిమిషాల్లో వచ్చింది. కట్టెల కోసం, మేత కోసం అడవికి వెళ్లే ఆడవాళ్ల జీవితాల్లోకి ఈ కెమెరాలు ఎలా చొరబడుతున్నాయో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్య ప్రాంతంలో జరిపిన ఒక అధ్యయనం 2024లో బయటపెట్టింది. జంతువుల కమిటీ మినహాయింపు ఇచ్చిన ప్రాజెక్టుకు కూడా మనుషులకు సంబంధించిన నైతిక సమీక్ష అవసరం పడవచ్చని దీనివల్ల తెలుస్తుంది. ఊరివాళ్లను అడిగి ఏనుగుల రాకపోకలు రాసుకునే చిత్తూరు వైపున్న కౌండిన్య అభయారణ్య ప్రాంతపు విద్యార్థులకు ఇది నేరుగా వర్తిస్తుంది. దీనికి కనీసం ఒక గంట కేటాయించి ఉండాల్సింది.

చిన్న కళాశాలల సమస్య కూడా ఇలాగే తొందరలో పోయింది. 2011 నుంచి యూజీసీ మార్గదర్శకాల వల్ల డిసెక్షన్ తగ్గిపోయి, ప్రయోగాల కోసం జంతువులను ఉంచే గదులు మూతపడిన కళాశాలల్లో జంతు నైతిక కమిటీలే లేవు. కమిటీ లేని చోట మినహాయింపు ఎవరు ఇవ్వాలి? దగ్గరలోని నమోదైన సంస్థ నుంచి సహ మార్గదర్శిని పెట్టుకుని ఆ సంస్థ కమిటీ ముందుకు ప్రతిపాదనను పంపడం ఒక దారి అని ఆచార్యులు చెప్పారు. బెంగళూరు వంటి నగరంలో అది వీలవుతుంది. కదిరిలోనో పుంగనూరులోనో డిగ్రీ కళాశాలలో పనిచేసే అధ్యాపకుడికి అది అంత తేలిక కాదు. ఆ గదిలోని చాలామంది చదువు ముగించుకుని అలాంటి కళాశాలలకే వెళ్తారు కాబట్టి, ఈ ప్రశ్నకు ఉత్తరం నమూనాతో, దశలవారీ సూచనలతో సమాధానం ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత అని భావిస్తున్నాను.

ఏర్పాట్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గది సౌకర్యంగా ఉంది, భోజనం శుచిగా ఉంది, సమయపాలన బాగుంది. విద్యార్థులకు 1,500 రూపాయలు, అధ్యాపకులకు 3,000 రూపాయలు రుసుము తీసుకున్నారు. ఇచ్చిన చిన్న పుస్తకంలో మినహాయింపు కోరుతూ కమిటీకి రాసే దరఖాస్తు నమూనా ఉంది. జంతువు పేరు, స్థలం, దూరం, సమయం, మనుషుల సంఖ్య, జంతువు ఇబ్బంది పడుతోందని గుర్తించే సంకేతాలు, అవి కనిపిస్తే వెంటనే పని ఆపే నిబంధన అన్నీ అందులో ఉన్నాయి. ఆ చివరి అంశాన్ని చేర్చినందుకు నిర్వాహకులను ప్రత్యేకంగా అభినందించాలి. పుస్తకం ఇంగ్లిషులోనే ఉండటం మాత్రం లోటు.

ఎమ్మెస్సీ రెండో ఏడాది మొదట్లో ఉన్నవారికీ, పీహెచ్‌డీలో చేరి ఇంకా అడవికి వెళ్లనివారికీ ఈ శిక్షణను గట్టిగా సిఫారసు చేస్తాను. క్షేత్ర పని సగంలో ఉన్నవారికి దీని ప్రయోజనం తక్కువ. వెళ్లేవారు తమ ప్రతిపాదన చిత్తుప్రతిని తప్పక వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే మొదటి పూట పని అంతా దాని మీదే సాగుతుంది. శిక్షణ తర్వాత ఒక్కొక్కరి ప్రతిపాదనను ఒకసారి చదివి వ్యాఖ్యలు పంపుతామన్న మాటను కూడా వారు నిలబెట్టుకున్నారు. మా విద్యార్థిని ప్రతిపాదనలో కూతలు తిరిగి వినిపించే భాగాన్ని వేరుచేసి కమిటీ పూర్తి సమీక్షకు పంపమనీ, మిగిలిన లెక్కింపు భాగానికి మినహాయింపు కోరమనీ స్పష్టంగా రాశారు. అమెరికా నిర్వచనం ఏ దేశానిదో తెర మీద పేర్కొని, దాని పక్కనే 1998 నియమాల్లోని నిర్వచనాన్ని తెలుగులో చేర్చమని నేను రాసిన ఉత్తరానికి, తర్వాతి విడతలో మారుస్తామని జవాబు వచ్చింది. ఇప్పటికి నేను ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ పేజీ మారితే నాలుగున్నర ఇస్తాను.